నేరేడుని నమ్మిన మా అత్త

పోయిన వారం తెల్లవారుతుండగా గుర్రాల శాల మనిషి చీపురుపల్లి నుంచి విజయనగరంలో మా ఇంటికి వచ్చాడు. "అమ్మగోరు పోనారు బాబూ" అని అరుగు మీద కూలబడ్డాడు. నిద్రలోనే పోయిందట మా అత్త. మా నాన్నకి అక్క. ముందురోజు సాయంత్రం కూడా దాణా తొట్లన్నీ తిరిగి చూసి, ఉలవలు సరిగ్గా ఉడకలేదని వాణ్ణి తిట్టిందట. తిట్టిందని విన్నాక నాకు కాస్త ఊరట కలిగింది. మంచాన పడి, నలుగురి చేత నీళ్లు తాగించుకుని పోయే మనిషి కాదావిడ.

ఆవిడ గురించి పేపర్లవాళ్లు రాయలేదు. రాసినా ఫలానా జమీందారు గారి భార్య అని రాసి ఊరుకుంటారు. అందుకని నేనే రాస్తున్నాను. గుర్రం సంగతి చెప్పకుండా ఆవిడ సంగతి చెప్పడం నా వల్ల కాదు గనక ముందు గుర్రం.

మా మామయ్యది చిన్న జమీ. జమీలు పోయాక ఆయనకి మిగిలింది కొంచెం మెట్టభూమి, ఒక మామిడితోట, పందేలకి పెంచే నాలుగైదు జాతి గుర్రాలు. వాటిలో ఒకదానికి పండిన నేరేడుపండు రంగులో మగపిల్ల పుట్టింది. అత్త దాన్ని నేరేడు అంది. రేసు కాగితాల్లో మామయ్య ఏదో ఇంగ్లీషు పేరు రాయించాడు గానీ మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. ఆ నేరేడు మద్రాసులో మొదటి పందెమే గెలిచాడు. తర్వాత ఊటీలో, బెంగుళూరులో వరసగా గెలిచాడు. వాడి పద్ధతే వేరు. ఆఖరి మలుపు దాకా తీరుబడిగా అందరి వెనకా ఉండి, అక్కణ్ణుంచి బయటివైపుగా వచ్చి ఒక్కొక్కరినీ దాటేసేవాడు. ఆ మలుపు దగ్గర మామయ్యకి గుండె ఆగినంత పనయ్యేది. "ఆడికి తెలుసు, నువ్వు కూకో" అనేదట అత్త.

ముందుకాలి నరం దెబ్బతిని వాడి పరుగు ఆగిపోయింది. వాణ్ణి గూడ్సు పెట్టెలో చీపురుపల్లి తెచ్చిననాడు పెళ్లికొడుకు దిగినట్టు ఊరంతా స్టేషనుకి వచ్చింది. ఆ మరుసటేడే మామయ్య పోయాడు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. అంత గుర్రం పిల్లలు ఎలా పరిగెడతాయో అని ఎక్కడెక్కడి వాళ్లో తమ ఆడగుర్రాల్ని పంపారు. పిల్లలు పుట్టాయి. అచ్చం నేరేడు రంగే, అదే ఠీవి. పరుగు మాత్రం సున్నా. ఒకటైతే పందెం మధ్యలో ఆగి గడ్డి మేసిందని చెప్పుకున్నారు. అబద్ధమే, కానీ మేం అందరం నమ్మాం. ఈ గుర్రం పరుగు ఈ గుర్రంతోనే సరి, పిల్లల్లోకి దిగదు అని మద్రాసు ట్రైనరు తేల్చేశాడు. ఆడగుర్రాలు రావడం మానేశాయి. ఎవరికైనా అమ్మెయ్యి అక్కా, ఉత్తినే మేపడం దేనికి అని మా నాన్న నెలకోసారి వెళ్లి చెప్పి వచ్చేవాడు.

ఒకసారి నా ఎదుటే ఆవిడ నాన్నకి జవాబు చెప్పింది. "ఆయన పోనాడు. నాకు బిడ్డల్లేరు. ఈడి పేరు కూడా ఈడితోనే పోవాలేటిరా?"

నాన్న లేచి నేరేడుకి గడ్డి వెయ్యడానికి శాలలోకి వెళ్లాడు.

అత్తకి గుర్రాల శాస్త్రం తెలుసని నేను చెప్పను. ఆవిడకి తెలిసింది సంబంధాలు చూడడం. మా వైపు ఏ ఇంటి పిల్లని ఏ ఇంటికి ఇచ్చారో, ఎవరి కోపం ఎవరికి వచ్చిందో మూడు తరాలు వెనక్కి చెప్పగలిగేది. గుర్రాలకీ అదే లెక్క కట్టింది. బయటి సంబంధాలు చేశాం, కలిసి రాలేదు. ఇంక మేనరికం చూడాలి అంది. శాలలోనే నేరేడు చెల్లెలి కూతురు ఉంది. పందెం మొహం చూడని బక్క గుర్రం. దాన్ని నేరేడుకి ఇస్తానంది.

పశువుల డాక్టరు మంచివాడు. ఇంత దగ్గర రక్తం పనికిరాదమ్మగారూ, పిల్ల వంకరగా పుడుతుంది అని నచ్చచెప్పాడు. అత్త శ్రద్ధగా అంతా విని అంది కదా, "మా అమ్మని ఆళ్ల మేనమావకే ఇచ్చేరు డాట్రుబాబూ. నేను వంకరగా పుట్టేనేటి? అదిగో, మా తమ్ముడూ ఉన్నాడు. సూడు."

డాక్టరు నిజంగానే చూశాడు. నాన్న కండువా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. నేను నవ్వాపుకోలేక తోటలోకి పోయాను.

ముహూర్తం పెట్టించి, మా అమ్మ చేత ఆడగుర్రానికి పసుపు కుంకుమ పెట్టించి మరీ జరిపించింది. పుట్టిన పిల్ల వంకరగా లేదు గానీ అన్నీ కాళ్లే. చుట్టాలు చూసి మిడత అన్నారు. మద్రాసులో మొదటి పందెంలో వాడు ఆఖర్న వచ్చాడు. ఆ కబురు వచ్చిన రోజు అత్త దగ్గర నేనున్నాను. "ఓడినోడికి దాణా తగ్గించొద్దని రాయి" అంది, అంతే. ఆ మాట నా పిల్లలు పరీక్ష తప్పినప్పుడల్లా నాకు పనికొచ్చింది.

పోయిన చలికాలం పెద్ద కప్పు పందేనికి మమ్మల్ని వెంటబెట్టుకుని మద్రాసు వెళ్లింది. పిల్లగాడు ఆఖరి మలుపు దాకా వెనకే ఉన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను, సిగ్గేమీ లేదు. తెరిచేసరికి బయటివైపుగా వచ్చేస్తున్నాడు, అచ్చం వాళ్ల నాన్నలాగే. గెలిచాడు. ఆ తర్వాత నేరేడు కోసం పాతపట్నం దగ్గర్నుంచి మద్రాసు దాకా ఎవరెవరు మళ్లీ ఆడగుర్రాల్ని పంపారో, ముసలి వయసులో వాడికి ఎంత గిరాకీ వచ్చిందో అందరికీ తెలుసు. నేను చెప్పదలుచుకున్నది గెలిచిన మరుక్షణం జరిగింది.

గెలిచిన గుర్రాన్ని యజమాని కళ్లెం పట్టుకుని జనం ముందు నుంచి నడిపించుకు రావాలి. నాన్న నా చెవిలో, నువ్వెళ్లి పట్టుకోరా అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. మామయ్య పోయాక అత్త ఒక్క పెళ్లిలోనూ ముందు వరసకి రాలేదు. శుభం జరిగేచోట ఆవిడే స్తంభాల వెనక్కి తప్పుకునేది. ఆ మాట ఆవిడకి వినపడింది.

"ఈడి అమ్మా బాబులకి పెళ్లి సేసింది నేను. ఈడు పుట్టినపుడు మాయ తీసింది నేను. ఇప్పుడెందుకురా తప్పుకోడం?"

చెప్పులు అక్కడే వదిలి, తెల్లచీర చెంగు బొడ్లో దోపుకుని వెళ్లి కళ్లెం పట్టుకుంది. కోటు వేసుకున్న అధికారి ఒకాయన యజమాని పేరు మైకులో ఎలా చదవాలని ఇంగ్లీషులో అడిగాడు. నేను అత్తకి తెలుగులో చెప్పాను.

"నా పేరెందుకురా. నేరేడు కొడుకని సెప్పమను."

ఆయన తడబడుతూ, కూడబలుక్కుంటూ ఆ రెండు మాటలూ మైకులో చదివాడు. ఏ కాగితంలోనూ లేని పేరు మైదానమంతా మోగింది. జనం లేచి నిలబడ్డారు. అత్త తలెత్తి జనం ముందు నుంచే నడిచింది. నురగలు కక్కుతున్న ఆ కుర్రగుర్రం ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనకే వచ్చింది.