నాయన వీపుకి నా చెవి

ఆళ్లగడ్డలో దేవుడి బొమ్మలు చెక్కే మా నాయన రాయిని కంటితో కాదు, చెవితో కొనేవాడు. సుత్తితో తట్టి వినేవాడు. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. పంతొమ్మిది వందల తొంభైల్లో ఉబ్బసం వచ్చాక తన రొమ్మును కూడా అలాగే పరీక్షించడం మొదలుపెట్టాడు. ఆ పరీక్షకు చెవి నాది. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

నంద్యాల డాక్టరు రోజూ రెండు పూటలా పీల్చమని ఇన్హేలర్ ఇచ్చాడు. మా నాయనేమో వారానికోసారి చొక్కా ఎత్తి వీపు చూపించేవాడు.

“చెవి పెట్టు పాపా. పిల్లికూత యాడన్నా ఉందా?”

“లేదు నాయనా.”

అంతే, ఇన్హేలర్ గూట్లోకి పోయేది. అమ్మ తిట్టేది. మేమిద్దరం ఒక జట్టు కాబట్టి లెక్కచేసేవాళ్లం కాదు. అంత పనిమంతుడు నా మాట నమ్ముతున్నాడని నాకు కొంచెం పొగరు కూడా.

అమ్మవారి బొమ్మకు కళ్లు చెక్కాల్సిన రోజు పొద్దున్నే ఆయనకు ఆయాసం ఎక్కువైంది. మాట రాక, ఊరికే వీపు తిప్పాడు. విన్నాను. కూత లేదు, అసలు ఏ చప్పుడూ లేదు. “బాగుంది నాయనా” అన్నాను. కాసేపటికే ఆయన పెదాలు నీలంగా మారాయి. పక్కింటాయన జీపులో నంద్యాలకు తీసుకుపోయాం. చచ్చిపోతాడేమోనని దారి పొడవునా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆక్సిజన్ పెట్టి, సూదిమందు వేశాక ఊపిరి కుదుటపడింది. అప్పుడు డాక్టరు మందలించాడు.

“గాలే ఆడకుంటే కూత యాడ నుంచి వస్తుందప్పా? దుమ్ము తగిలితే నీ రొమ్ములో కణాలు శత్రువొచ్చినాడని ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసే వాటిని ఇంటర్‌ల్యూకిన్లంటారు. అవి ఎక్కువైతే గాలి పోయే దారి వాచిపోతుంది. కూత లేని రోజు కూడా లోపల కబుర్లు నడుస్తానే ఉంటాయి. ఈ మందు వాటిని అణిచేదానికి. అందుకే రోజూ పీల్చాల. బాగుందని ఎవరు చెప్పినారు నీకు?”

నేను అమ్మ వెనక్కి జరిగాను. నాయన తన ముఖం మీది మాస్కు పక్కకి లాగాడు.

“నాకే అట్ల అనిపించింది సార్.”

రెండు రోజుల తర్వాత తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు.

“ఏడుస్తావేందీ? నీ చెవిది తప్పు కాదు పాపా. రొమ్ము రాయి కాదని నేను మర్చిపోయినా” అన్నాడు.

ఇంటికొచ్చి, ఇన్హేలర్ పీల్చి, నోరు పుక్కిలించి, మళ్లీ చొక్కా ఎత్తాడు.

“కూత సంగతి వద్దులే. గాలి పోతాందేమో విను.”

విన్నాను. పోతోంది, వస్తోంది. చాలాసేపు చెవి తియ్యబుద్ధి కాలేదు.