వెండి నెమలి తోక

బస్సులో పక్కసీటాయన గుట్కా ప్యాకెట్టు చింపాడు. ఆ కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బడిలో పనికిరాని కాగితాలతో బొమ్మల పుస్తకం చేయమన్నారు. నాయన మంచం కింద పడేసిన గుట్కా ప్యాకెట్లు ఏరి, ఎర్రటి ఉమ్మి మరకలు పావడాతోనే తుడిచి, మిగిలిపోయిన సంగటి మెదిపి, మెరిసే లోపలివైపు పైకి వచ్చేలా అంటించాను. ఛీ! అప్పుడు మాత్రం అది నాకు వెండి నెమలి.

తోక సగంలో ఉండగా ప్యాకెట్లు కనబడకుండా పోయాయి.

"మీ నాయన మానేసినాడు పాపా!" అని అమ్మ మురిసిపోయింది. తోక పూర్తికాదని నేను ఏడ్చాను.

చివరికి, ఎద్దులను అమ్మేశాక ఖాళీగా పడున్న కొట్టంలో బోలెడు దొరికాయి.

"అమ్మా, నాయన నాకోసం దాచిపెట్టినాడు!" అంటూ ఎగురుకుంటూ తెచ్చాను.

అమ్మ నాయన వైపు చూసింది. "థూ, నీకు సిగ్గుండాదా?"

ఆ తర్వాత నాయన మానేసింది దాచడం ఒక్కటే.