కుక్క సినిమా చూసిన శుక్రవారం

మా చిన్నప్పుడు బొంబాయి పక్కన భివండీలో శుక్రవారం వచ్చిందంటే చెవులకు పండగ... సాంచాలకు సెలవు. మిగతా రోజులన్నీ ఆ మరమగ్గాల మోతలోనే తిండి, మోతలోనే నిద్ర. ఆ ఒక్క రోజే మనిషి మాట మనిషికి వినపడేది.

అలాంటి ఒక శుక్రవారం మా గల్లీ వాళ్లంతా కలిసి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చారు. కుక్క సినిమా. ఉమ్మడి కుటుంబం, ఆస్తి గొడవ, అమాయకుడైన అన్న, దుర్మార్గుడైన మేనమామ... అందరినీ చివరికి కుక్కే గట్టెక్కిస్తుంది. ఇంట్లో అంతమంది పెద్దలుండి ఏం చేస్తున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

అందులో ఒక సీను... పసివాడు కొండ అంచున చిక్కుకుంటాడు. కుక్క పరుగెత్తుకెళ్లి తండ్రి పంచె పట్టి లాగుతుంది. తండ్రికి వెంటనే అర్థమైపోతుంది. ఆ సీనుకి మా నాన్న, మేం బాపు అంటాం, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. “నోరు లేకున్నా ఎట్ల చెప్పింది సూడు” అన్నాడు.

మర్నాటి నుంచి మా తమ్ముడు చిన్నాకి అదే ఆట. గల్లీలో భూర్యా అని ఒక గోధుమరంగు కుక్క ఉండేది. వీడు నేలమీద పడుకుని “బాపు కో బులా” అనేవాడు. భూర్యా పోయి బాపు లుంగీ పట్టి లాగేది. బాపు నవ్వుకుంటూ వచ్చి వాణ్ని భుజాన వేసుకునేవాడు. అమ్మ విసుక్కునేది... “కుక్కకు తెలివి నేర్పుతున్నరు, పోరనికి చదువు నేర్పుతలేరు.”

వానాకాలం. సెలవు కాని రోజు, మధ్యాహ్నం. నేను బడిలో ఉన్నాను. తర్వాత పెద్దవాళ్లు చెప్పుకోగా విన్నదే ఇది...

సాంచాల షెడ్డులోకి భూర్యా వచ్చింది. మొరిగిందట. ఆ మోతలో పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు, అక్కడ మాటలన్నీ చేతి సైగలే. కుక్క నోరు తెరవడం, మూయడం బాపు చూశాడు. లుంగీ పట్టి లాగింది. మళ్లీ చిన్నాగాడి ఆట అనుకున్నాడు. పక్క సాంచా మీదున్న కాక “నీ కొడుకు పిలుస్తుండు” అని సైగ చేసి నవ్వాడట.

కుక్క వదల్లేదు. సాంచాల మధ్య అటూ ఇటూ ఉరికింది. తిరిగే బెల్టుల్లో పడితే ప్రాణం పోతుందని బాపుకి భయం. చేతుల్లో ఎత్తుకుని బయటికి తెచ్చి, వరండా స్తంభానికి తాడుతో కట్టేసి, తల నిమిరి, మళ్లీ పనిలోకి వెళ్లాడు. దాన్ని బతికించాలనే కట్టేశాడు. మా బాపు అలాంటివాడు.

చాయ్ వేళకి బయటికొస్తే భూర్యా మెడ చుట్టూ నెత్తురు. తాడు తెంపుకోవాలని అంత గింజుకుంది. విప్పగానే నూలుకి గంజి పట్టించే కార్ఖానా వెనక్కి ఉరికింది. అక్కడ మూత లేని నీళ్ల హౌదు, వానకి నిండా నిండి ఉంది.

బాపు దూకాడు... చిన్నా దొరికాడు. ప్రాణం లేదు.

“నువ్వేం చేసినవయ్యా, కుక్క సావొద్దని కట్టేసినవ్” అని అమ్మ ఏడుస్తూనే ఎన్నోసార్లు చెప్పింది. బాపు ఒకటే మాట... “నాకు చెప్పింది. లుంగి వట్టి గుంజి మరీ చెప్పింది. నేనే ఇనలే.” నాకు మాత్రం ఈనాటికీ దేవుడి మీదే కోపం. అంత చిన్న ప్రాణికి దారి చూపించి, ఇంత పెద్ద మనిషికి ఎందుకు చూపించలేదు?

భూర్యా కొన్నాళ్లు హౌదు దగ్గరే పడుకుని, ఎటో వెళ్లిపోయింది. మేం వెతకలేదు. వెతికే ధైర్యం లేదు.

మొన్న నా కూతురికి ఫోన్‌లో ఆ సినిమా దొరికింది. తాత పక్కన కూర్చుని పెట్టింది. బాపుకి చెవులు పూర్తిగా పోయాయి, సాంచాలు తినేశాయి. బొమ్మ చూసే గుర్తుపట్టాడు. “సూడు తాతా, కుక్క పోయి బాబును బచాయిస్తది” అని పిల్ల చేతులు ఊపి చెప్పింది. బాపు ఫోన్‌ని మెల్లగా బోర్లించి పెట్టాడు. “తెల్సు బిడ్డా” అన్నాడు. అంతే. ఆ పూట అన్నం తినలేదు.

ఇప్పుడు మా గల్లీలో సాంచాలు లేవు. తుక్కు కింద పోయాయి. మగవాళ్లు మాన్కోలి గోదాముల్లో హమాలీకి పోతున్నారు. ఎంత నిశ్శబ్దమంటే, ఏ మూల కుక్క మొరిగినా గల్లీ మొత్తానికి వినిపిస్తుంది... మా బాపుకి తప్ప.

మీకూ మళ్లీ చూడలేని సినిమా ఒకటి ఉండే ఉంటుంది... దాని కథ చెప్పక్కర్లేదు. ఎవరి పక్కన కూర్చుని చూశారో, అది చెప్పండి చాలు.