హెడ్డుగారి ఎడమ మోకాలు

మా బావ చచ్చిపోతాడో బతుకుతాడో ఆ సాయంత్రం టీవీ చెబితే గానీ మాకు తెలియదు. ఆయన మాత్రం టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు బనీను అంచుతో తుడుచుకుంటున్నాడు. మా అక్క ఆయనతో మాట్లాడి చాలా రోజులైంది.

బావ అసలు వడ్రంగి. ఎవరో పోలీసు సీరియల్ తీస్తుంటే, స్టేషన్ సెట్టు వేయడానికి వెళ్లాడు. లాకప్ తలుపూ, ఇన్‌స్పెక్టర్ బల్లా ఆయన చేతి పనే. షూటింగ్ మొదటి రోజున హెడ్ కానిస్టేబుల్ వేషం వేయాల్సిన మనిషి రాలేదు. కుట్టించిన యూనిఫాం ఎవరికి పడుతుందా అని డైరెక్టరు నలువైపులా చూస్తే, నోట్లో మేకులతో నిచ్చెన మీదున్న మా బావ కనిపించాడు. నిచ్చెన ఎక్కినవాడు వడ్రంగి, దిగినవాడు హెడ్డు.

ఆ సీరియల్‌కి హీరో అంటూ ఎవరూ లేరు. స్టేషన్‌లో ఉన్న ఏడుగురూ హీరోలేనని డైరెక్టరు అంటాడు. ఆ ఏడుగురిలో మా బావ ఎనిమిదోవాడని నేనంటాను. తలుపు పక్కన నిలబడతాడు, వారానికి ఒక్కసారి "సార్, జీపు రెడీ" అంటాడు, అంతే. అయినా వీధికి ఆయన హెడ్డుగారైపోయాడు. కూరల కొట్టు దగ్గర ఇద్దరు జుట్టూ జుట్టూ పట్టుకుంటే మా బావని పిలుచుకెళ్లేవారు. ఈయన వెళ్లి, ఏమీ మాట్లాడకుండా నిలబడేవాడు. గొడవ సద్దుమణిగేది.

మొదటి సీజన్‌లో దొంగను తరుముతూ మెట్ల మీద పడే సీనొకటి ఉంది. పడ్డాడు, లేచాడు, సీను ఓకే అయింది. మరుసటి వారం నుంచి మావాడు ఎడమ కాలు కొద్దిగా ఈడ్చడం మొదలుపెట్టాడు. కూర్చోబోయే ముందు మోకాలి మీద చెయ్యేసి, ఒక్క క్షణం ఆగి కూర్చునేవాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

"ఎందుకు బావా ఈ కుంటి వేషం?" అన్నాను.

"వాడు పడ్డాడు కదరా! ఆ వయసులో పడితే ఊరికే పోతుందా?"

వాడు అంటే హెడ్డు. ఆ తర్వాత ప్రతి సీజన్‌లోనూ ఆ నొప్పి మోశాడు, కెమెరా తన వైపు తిరగని సీన్లలో కూడా. ఇంట్లో మాత్రం రెండేసి మెట్లు చొప్పున ఎక్కేవాడు. నేను పగలబడి నవ్వేవాణ్ణి.

ఈ సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో స్టేషన్‌లో ఒకరు చనిపోవాలి. ఎవరన్నది బయటికి పొక్కకుండా డైరెక్టరు అందరి చావులూ తీశాడు. తలా ఒక చావు పంచి, ఏది బాగుంటే అది ఉంచుతానన్నాడు. చచ్చినవాడికి వచ్చే సీజన్‌లో పని ఉండదు. ఇంకేముంది, ఎవరి చావు వాళ్లు శ్రద్ధగా చెడగొట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు వేషగాడు కింద పడ్డాక కూడా రెప్పలు టపటపలాడించాడట. జీపు డ్రైవరు గింగిరాలు తిరిగి సెట్టు గోడ మీద పడితే గోడ ఊగిందట.

అక్క బావకి ముందే అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. "దగ్గో, తుమ్మో, ఏదో ఒకటి చేసి పాడుచెయ్యి. మళ్లీ రంపం పడతావా? ఆ పొట్టు పీలిస్తే ఊపిరితిత్తులు ఇక నిలవవని డాక్టరు చెప్పాడా లేదా?"

సరేనని వెళ్లాడు. తిరిగొచ్చి, చొక్కా తగిలించి, "బాగా వచ్చింది" అన్నాడు.

"ఏది?" అంది అక్క.

"చావు."

చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. అక్క గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"బుర్ర ఉందా బావా నీకు? కూర్చున్న కొమ్మని ఎవడైనా నరుక్కుంటాడా?"

"చెడగొడదామనే పడ్డానురా. పడ్డాక వాడు గుర్తొచ్చాడు. ఇన్నేళ్లు తలుపు దగ్గర నిలబెట్టారు. చావైనా సరిగ్గా చావనివ్వొద్దూ?"

వడ్రంగి కదా, కొమ్మ నరుక్కున్నా నున్నగానే నరుక్కున్నాడు.

ఆ సాయంత్రం మా ముందుగది ఇరుగుపొరుగుతో నిండిపోయింది. పక్కింటి పెద్దావిడ అందరికంటే ముందు చాప ఆక్రమించింది. అక్క వంటింటి గుమ్మంలోనే నిలబడింది.

తెర మీద లాకప్‌లోంచి ఎవడో తుపాకీ లాక్కున్నాడు. ఇన్‌స్పెక్టరు అటు తిరిగి ఉన్నాడు. తలుపు దగ్గరున్న హెడ్డు అడ్డం వచ్చాడు. తూటా తగిలింది. అప్పుడు, కూలబోయే ముందు, ఆ మనిషి ఎడమ మోకాలి మీద చెయ్యేశాడు. ఎప్పుడు కూర్చున్నా చేసినట్టే ఒక్క క్షణం ఆగి, మెల్లగా గోడకి చేరబడి కూర్చున్నాడు. టోపీ తీసి పక్కన పెట్టుకున్నాడు. "సార్..." అన్నాడు. జీపు సంగతి చెప్పలేదు.

పెద్దావిడ తెర వంకా, కుర్చీ వంకా మార్చి మార్చి చూసి, చివరికి కుర్చీలోని బావ చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను" అంటున్నాడాయన. అంత గొప్పవాడు మా ఇంట్లో ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఉద్యోగం పోయిందని అప్పుడు గుర్తుకే రాలేదు. తర్వాత గుర్తొచ్చింది, బాగానే గుర్తొచ్చింది.

జనం వెళ్లిపోయారు. బావ ఇంకా టీవీ వైపే చూస్తూ, "చివర్లో ఊపిరికి పొట్ట కదిలిందట్రా?" అని నన్నడిగాడు.

"లేదు బావా."

అక్క వంటింట్లోంచి పీట తెచ్చింది. ఆయన కుర్చీ ముందు వేసి, దాని మీద దిండు పెట్టింది.

"ఆ కాలు చాపుకో" అంది. ఇన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట.

"నాకేం నొప్పి లేదే."

"తెలుసులే. చాపు."

బావ ఎడమ మోకాలి మీద చెయ్యేసి, ఒక్క క్షణం ఆగి, కాలు పీట మీదికి చాపాడు.