ర్యాంపులు తీసిన వీధి

2021లో నాకు మేడ్చల్, శామీర్‌పేట మధ్య కొత్తగా ఏర్పడిన ఒక మున్సిపాలిటీకి బదిలీ అయింది. అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం. అల్వాల్ నుంచి రోజూ స్కూటీ మీద వెళ్లేదాన్ని. పేరుకు మున్సిపాలిటీ గాని, నిన్నమొన్నటి దాకా అవన్నీ పొలాలు, కుంటలు. వరి మడి పక్కన అపార్ట్‌మెంటు, దాని పక్కన మళ్లీ మడి. రోడ్లు, మంచినీళ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, అన్నీ మా ఇద్దరు ముగ్గురు ఇంజనీర్ల మెడకే. మబ్బు పట్టిందంటే నాకు అన్నం సహించేది కాదు. ఇప్పటికీ అంతే.

ఆ ఏడాదే మా దగ్గర ఒక కొత్త పని మొదలైంది. కుంటల అలుగుల దగ్గర, అంటే కుంట నిండాక నీళ్లు పొర్లి బయటికి పోయే చోట, లెవెల్ సెన్సర్లు పెట్టారు. నీటి మట్టం ఒక గీత దాటగానే దిగువ కాలనీ వాళ్ల ఫోన్లకు మెసేజ్ వెళ్తుంది. ఆఫీసులో పెద్ద తెర మీద ఎర్ర చుక్క వెలుగుతుంది. ఊరు స్మార్ట్ అయిందని చూడటానికి వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నేనూ సంబరపడ్డాను.

మొదటి పెద్ద వానకు మెసేజ్ సరిగ్గానే వెళ్లింది. నేను ఆ కాలనీకి చేరేసరికి జనం బియ్యం డబ్బాలు, ఇన్వర్టర్ బ్యాటరీలు మంచాల మీదికి ఎక్కించి గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. నీళ్లు వచ్చాయి. వాళ్లు చూస్తుండగానే ఇళ్లలోకి పోయాయి.

"మెసేజ్ మంచిగనే వచ్చింది బేటీ," అన్నది ఖుర్షీద్ బేగం, వంటింట్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి. "ఇగ నీళ్లు పోయేది ఎప్పుడో అది గూడ జెప్తదా మీ ఫోను?"

ఆమెది వీధి చివర, అందరికంటే పల్లంలో ఉన్న ఇల్లు. అక్కడే మెస్ నడిపేది. పక్కనున్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఇంటి ముందున్న రేకుల షెడ్డులో కూర్చుని తినిపోయేవాళ్లు. గండిమైసమ్మ దగ్గర ఏళ్ల తరబడి కిరాయి ఇళ్లలో ఉండి, చివరికి ఈ ప్లాటు కొనుక్కుని వచ్చిందట.

ఆ సాయంత్రమే కాలనీ సంఘం అధ్యక్షుడు జంగారెడ్డి నన్ను పక్కకు పిలిచాడు. ఈ లేఅవుట్ అంతా ఒకప్పుడు వాళ్ల నాయిన పొలం.

"మేడమ్, అలుగుకెల్లి కింది చెరువుకు మా పొలంలకెల్లి కాలువ పోతుండె. గా బేగం వంటిల్లు సరిగ్గ దాని మీదనే ఉన్నది. దాన్ని కొట్టేయుండ్రి, అందరం బతుకుతం."

"అక్కడ కాలువ ఉండేదని ఆమెకు అమ్మేటప్పుడు చెప్పారా?"

"లేఅవుట్ జేసినోళ్లు జెప్పాలె గని, నేనెందుకు జెప్త?"

కాలనీ అంతా ఆయన మాటే అన్నది. ఒక్క వంటిల్లు పోతే వీధంతా పొడిగా ఉంటుంది, ఇంకేం కావాలి? మా పై అధికారి కూడా అదే సులువన్నాడు. నోటీసు ఇచ్చే ముందు చెప్పి రావడం నా పని. వెళ్లాను. ఖుర్షీద్ బేగం రొట్టెలు కాలుస్తోంది. నేను చెప్పేది చివరిదాకా విన్నది. అరవలేదు, ఏడవలేదు. పెనం మీది రొట్టె తిప్పుతూ, "నా ఒక్కదానిదేనా?" అని మాత్రం అడిగింది.

కాలువ దారి ఎంతవరకు మిగిలిందో చూద్దామని మర్నాడు ఆటో లెవెల్ తీసుకుని వీధి పై నుంచి కింది దాకా కొలిచాను. ఎక్కడెంత ఎత్తు ఉందో చూపించే పరికరం అది. ఆమె వంటిల్లు దాటాక ఇంకో లేఅవుట్, దాని ప్రహరీ, ఆ వెనక ఇంకో అపార్ట్‌మెంటు. వంటిల్లు కొట్టినా నీళ్లు పోయి ఆ ప్రహరీకే తగులుతాయి. తేలిన ఇంకో సంగతి వీధి గురించి. రోడ్డు పాడైనప్పుడల్లా పాత దాని మీదే కొత్తది పోస్తూ పోయారు. సగం ఇళ్ల ప్లింత్, అంటే ఇంటి నేల ఎత్తు, రోడ్డు కంటే కిందికి పోయింది. దానికి తోడు ప్రతి ఇంటివాళ్లు గేటులోకి కారు ఎక్కించడానికి సిమెంటు ర్యాంపు కట్టుకున్నారు, రోడ్డులోకి వచ్చేదాకా. ఒక్కో ర్యాంపు ఒక్కో కట్ట. పై నుంచి వచ్చే నీళ్లకు గేట్లలోకి తిరగడం తప్ప వేరే దారి లేదు.

రోడ్డును తవ్వి కిందికి దించాలి, ర్యాంపులు, షెడ్లు తీసేయాలి, వాన పడినప్పుడు వీధే కాలువ కావాలి, చివర పార్కు పక్క నుంచి బాక్స్ డ్రెయిన్, అంటే పైన మూసిన సిమెంటు కాలువ, వేసి చెరువులో కలపాలి. అదే నా ప్రతిపాదన. జనం ఒప్పుకుంటే సరే, అప్పటిదాకా నోటీసు ఆపుతానన్నాడు పై అధికారి. సంఘం మీటింగులో చెప్పగానే, వంటిల్లు కొట్టమన్న నోళ్లన్నీ నా మీదికి లేచాయి.

"కారు ఇంట్లకు ఎట్ల ఎక్కాలె?"

"మా అవ్వకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కుతదా?"

"గీ మేడమ్‌కు బేగం ఇంట్ల రొట్టెలు రుచి తగిలినయి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆ మాట ఇంటికి వెళ్లేదాకా చెవుల్లో ఉంది.

మాటలతో అయ్యే పని కాదని అర్థమైంది. మురుగు శుద్ధి చేసే ప్లాంటు నుంచి రోడ్డు పక్క చెట్లకు నీళ్లు పోసే ట్యాంకర్ మాకొకటి ఉంది. ఒక ఆదివారం పొద్దున, మబ్బు తునక కూడా లేని ఎండలో, దాన్ని వీధి పై చివర నిలబెట్టి వాల్వు తిప్పించాను. జనం చాయ్ గ్లాసులతో బయటికి వచ్చారు. నీళ్లు మొదటి ర్యాంపుకు కొట్టుకుని పక్కకు తిరిగాయి. తర్వాతి ర్యాంపు దగ్గర ఇంకో పక్కకు. జంగారెడ్డికి రెండు కార్లు, ర్యాంపు కూడా అందరికంటే పెద్దది. అక్కడ నీళ్లు నిలిచి, చూస్తుండగా పక్కింటి గేటు కిందికి దూరాయి. అది స్కూల్ టీచర్ లక్ష్మి ఇల్లు.

లక్ష్మి తడిసిన తన గుమ్మం వైపు, ఆయన వైపు చూసింది. "ఇన్నొద్దులు బేగం వంటిల్లు, బేగం వంటిల్లు అన్నవు గద. మరి గిదేంది?"

జంగారెడ్డి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజుతో అందరూ మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. పక్కవాళ్లది తీస్తే మాదీ తీస్తామన్నారు అందరూ. ఒకాయన కోర్టుకు పోతానన్నాడు, ఇంకొకాయన కౌన్సిలర్‌తో ఫోన్ చేయించాడు. సాయంత్రం ఆఫీసు అయ్యాక ఒక్కో గేటు దగ్గర నిలబడి అవే మాటలు చెప్పేదాన్ని. చలికాలం అలాగే గడిచిపోయింది. చివరికి ఖుర్షీద్ బేగమే ఆఫీసుకు వచ్చింది.

"బేటీ, నా షెడ్డు గూడ రోడ్డు మీదనే ఉన్నది గద. ముందుగాల నాది తీయుండ్రి. తర్వాత వాళ్లను అడుగు."

"అమ్మా, మీ గిరాకీ?"

"వంటిల్లు ఉంటె ఏదో ఒకటి జేస్కుంట. అదే పోతె ఏం జేస్త?"

ఆ షెడ్డు విప్పిన రోజు లక్ష్మి తన ర్యాంపు తీయించుకుంది. తర్వాత ఒకటి, ఇంకొకటి. అందరికంటే చివర జంగారెడ్డిది. సిమెంటు పగలగొట్టే బ్రేకర్ కొడుతుంటే గేటు పట్టుకుని నిలబడి, "మా నాయిన భూమిల నన్నే కిందికి దించుతున్నరు మేడమ్," అన్నాడు. కోపంగా కాదు. ఆయనా అలసిపోయినట్టున్నాడు.

ఎండాకాలంలో రోడ్డు తవ్వి దించాం, పార్కు పక్కన డ్రెయిన్ వేశాం. తర్వాతి వానాకాలం ఒక మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. నేను గొడుగు వేసుకుని వీధి మలుపులో నిలబడ్డాను. నీళ్లు ఎర్రగా, చెత్తతో, పిక్కల లోతున రోడ్డంతా పారాయి. గేట్ల కింద చూసుకుంటూ పోయాను. ఏ ఇంట్లోకీ పోలేదు. పార్కు దగ్గర డ్రెయిన్‌లోకి దిగి వెళ్లిపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది, రోడ్డు మీద బురద ఉంది, ఎప్పుడు ఊడ్పిస్తారని.

ఖుర్షీద్ బేగం వంటిల్లు నిలిచింది గాని, కూర్చునే చోటు లేక చాలామంది రావడం మానేశారు. ఇప్పుడు డబ్బాలు కట్టి ఫ్యాక్టరీలకు పంపిస్తోంది. మునుపటంత లేదని ఆమే చెప్పింది. కాలనీ కోసం ఎక్కువ పోగొట్టుకున్నది ఆమె. అది సరిచేసే పద్ధతి మా ఆఫీసులో ఏదీ లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ఇలాంటి కాలనీలు ఇప్పుడు నా చేతిలో ఇంకా ఉన్నాయి. నగరం తట్టుకుని నిలబడాలంటే ఏం కావాలని కుర్ర ఇంజనీర్లు అడుగుతుంటారు. సెన్సర్లు కావాలి, వద్దనను. నీళ్లు ఎక్కడికి వచ్చాయో అవి చెబుతాయి. ఆ నీళ్లకు ఎవరు జాగా ఇవ్వాలో మాత్రం మనుషులే కూర్చుని తేల్చుకోవాలి. పల్లంలో ఉన్న ఒక్కరి దగ్గర మొత్తం లాక్కోవడానికి ఒక నోటీసు చాలు. వీధిలో ప్రతి ఒక్కరి దగ్గరా కొంచెం కొంచెం అడగాలంటే ప్రతి గేటు ముందూ నిలబడాలి, మాటలు పడాలి, మళ్లీ వెళ్లాలి. మొన్న అదే వీధిలో ఒకాయన గేటు ముందు కొత్తగా సిమెంటు పోయించుకున్నాడని తెలిసింది. రేపు పొద్దున వెళ్లి అడగాలి.