ఏడో ఇన్నింగ్స్‌లో లేచి నిలబడేవాళ్ళం

మొన్న మే నెలాఖరులో, కెనడాలోని హాలిఫాక్స్‌లో కోటు వదిలేసి స్వెట్టరుతో సరిపెట్టుకోగలిగిన మొదటి ఆదివారం, నేనూ మా ఆవిడా అలవాటు ప్రకారం మా వీధి చివర ఉన్న బేస్‌బాల్ మైదానానికి బయలుదేరాం. వెళ్ళి చూస్తే సున్నపు గీతలు లేవు. ఆడడానికి తొమ్మిదిమంది దొరకనందున ఈ ఏడాది జట్టు లేదని కంచెకు ఒక కాగితం కట్టి ఉంది. ఎదిగిన గడ్డిలో మన కాలేజీ కుర్రాళ్ళు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతూ తెలుగులో కేకలు పెడుతున్నారు. వెనక్కి వెళ్ళబుద్ధి కాక, ప్రేక్షకుల మెట్ల మీద ఉన్న మా పాత చెక్కబల్ల మీదే కూర్చున్నాం.

ఆ బల్ల మీద మమ్మల్ని మొదటిసారి కూర్చోబెట్టింది పక్కింటి పెద్దాయన. మేము ఈ దేశం వచ్చిన మొదటి వేసవి అది. నాకు ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం, మా ఆవిడకు రోజంతా కిటికీ, కిటికీ అవతల పొగమంచు. ఆవిడకు ఇంగ్లీషు అర్థమయ్యేది గాని నోరు పెగిలేది కాదు. ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతూ, సెప్టెంబరులో తాను ఇండియాలో ఉన్న మా బావమరిది దగ్గరికి వెళ్ళిపోతాననీ, ఉండాలనుకుంటే నన్ను ఉండమనీ నెమ్మదిగా చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ రోజు డైరీలో వాతావరణం తప్ప ఇంకేమీ రాయలేకపోయాను.

పెద్దాయన ఆ జట్టులో యవ్వనమంతా ఆడినవాడు. రేవులో సరుకు దింపే కూలీలు మొదలుపెట్టిన జట్టు అది. వాళ్ళ నాన్నగారి కాలంలో ఉన్ని దుస్తులు వేసుకుని ఆడేవారట, వాన పడితే అవి తడిసి బరువెక్కి ఎంత పరుగెత్తినా పరుగెత్తినట్టే ఉండేది కాదట. తర్వాత బడిపంతుళ్ళు, ప్లంబర్లు, బస్సు డ్రైవర్లు వచ్చి చేరారు. గెలవడం తక్కువ. పొగమంచు దిగితే దూరాన నిలబడ్డ ఆటగాడు కనబడక ఆట ఆపేసేవారు. అతను మాత్రం ఆపిన సంగతి తెలియక చాలాసేపు అక్కడే బంతి కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు.

ఆ మొదటి రోజు మా ఆవిడ చీర మీద నా పాత స్వెట్టరు వేసుకుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుంది. బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్; ఏడోదాని మధ్యలో ఉన్నట్టుండి అందరూ లేచారు, స్పీకరులో ఏదో పాట మొదలైంది. మా చిన్నతనంలో సినిమా అయిపోగానే జాతీయగీతం వేసేవారు. తలుపు వైపు ఒక్క అడుగు పడినా మా నాన్నగారు చూపుతోనే ఆపేసేవారు. ఆ భయం ఎక్కడికి పోతుంది? చేతులు తొడలకు ఆనించి నిటారుగా నిలబడ్డాను.

"లే, లే, వీళ్ళ గీతం!"

"డబ్బా ఎక్కడ పెట్టనండీ?"

కంగారులో ఆవిడ లేచేసరికి డబ్బా మూత దొర్లుకుంటూ మెట్లు దిగిపోయింది. అయినా నేను కదల్లేదు. చుట్టూ చూస్తే ఒకాయన వీపు గోక్కుంటున్నాడు, ఇంకొకాయన ఆవలిస్తున్నాడు. అది కూర్చుని కూర్చుని పట్టేసిన నడుములు సాగదీసుకునే విరామమనీ, గీతం కాదనీ పెద్దాయన నా చెవిలో చెప్పాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ దేశంలో ఆవిడ నవ్వగా నేను చూడడం అదే మొదలు.

మరుసటి వారం ఏడో ఇన్నింగ్స్‌లో పెద్దాయన, ఎవరూ అడగకుండానే, నాలాగే సిపాయిలా బిగుసుకుని నిలబడ్డాడు. ఆయన్ను చూసి బల్లంతా నిలబడింది. వెక్కిరింపు కాదు, మమ్మల్ని కలుపుకోవడం. తర్వాత ప్రతి వేసవీ మా బల్లకు అదే ఆచారం. పులిహోర చేతులు మారింది, ఆవిడ నోరు తెరుచుకుంది, అంపైరును ఇంగ్లీషులో తిట్టేదాకా వెళ్ళింది. సెప్టెంబరు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పెద్దాయన మొన్నటి శీతాకాలంలోనే పోయాడు.

అవన్నీ తలుచుకుంటూ క్రికెట్ చూస్తున్నాను. ఏడో ఓవరు అవగానే మా ఆవిడ, మోకాళ్ళు సహకరించకపోయినా, నా భుజం పట్టుకుని లేచి నిటారుగా నిలబడింది. నేనూ లేచాను. బ్యాటు పట్టుకున్న కుర్రాడు ఆట ఆపి దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది ఆంటీ, గట్ల నిలబడ్డరు? ఎవరన్న పెద్దమనిషి పోయిండా?"

ఆవిడ బల్ల మీద పెద్దాయన కూర్చునే వైపు చూసింది.

"అవును నాయనా."

"అరేయ్, ఆపుండ్రిరా!" అని వాడు అరిచి, బ్యాటు కింద పెట్టి, చేతులు తొడలకు ఆనించి నిలబడ్డాడు. మైదానంలో ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. ఎవరి కోసమో వాళ్ళకు తెలియదు.

జట్టు పోయింది, దాని చరిత్ర నోటికి చెప్పగల మనిషీ పోయాడు. ఇకమీదట ఇక్కడ ఏడో ఇన్నింగ్స్ అనేదే ఉండదు. అయినా ఆ కాసేపు మైదానంలో, మొదటి రోజు నేను నిలబడ్డట్టే, పొరపాటుగానూ భక్తిగానూ అంతమంది నిలబడ్డారు. ఈసారి మా ఆవిడ నవ్వలేదు.