తోడల్లుళ్ల క్రేన్లు

పదిమంది ఒకచోట చేరి పనిచేసేటప్పుడు ఎలా ప్రవర్తిస్తారు, ఎందుకు కలుస్తారు, ఎందుకు చెడతారు అన్నది నా చదువు. ఈ సంగతి చెబితే, ఉత్తరాదిన మా ఉక్కు పట్టణంలో, బారిడీహ్ పేటలో ఉండే మా అమ్మకి ఇప్పటికీ నవ్వే. "దానికి సదువెందుకే? ఉమ్మడి కాపరం సేసిన ఆడదాన్నడిగితే సెప్పదేటి?" అంటుంది. నేను హిందీలో ఏదో గొణిగి అక్కణ్నుంచి లేచి వెళ్లిపోతాను.

పరిశోధన కోసం ఊరి చివర ఒక ప్రైవేటు కర్మాగారంలో ఎండాకాలమంతా కూర్చునే అనుమతి దొరికింది. అక్కడ వంతెనలకు వేసే ఉక్కు గర్డర్లు తయారవుతాయి. మొదటిరోజు షెడ్డులో అడుగుపెట్టి, తలెత్తి చూసి, అలాగే నిలబడిపోయాను. పైకప్పుకి కాస్త కిందుగా రెండు గోడల వెంట పట్టాలు. ఆ పట్టాల మీద, ఈ గోడ నుంచి ఆ గోడకి పరుచుకుని రెండు క్రేన్లు. ఒక్కొక్క క్రేన్‌కీ వేలాడుతున్న గాజు గది, అందులో ఒక మనిషి. గర్డర్ ఎంత పొడవంటే, ఒక క్రేన్‌కి లొంగదు. రెండు కొసలకీ రెండు హుక్కులు తగిలించి ఇద్దరూ ఒక్కసారే ఎత్తాలి. ఒకరు కాస్త తొందరపడ్డా అంత బరువూ ఒకవైపు వాలిపోతుంది.

కింద నిలబడి సైగలు చేసేది సంతాలీ తెగకి చెందిన ఒక ఆవిడ. అందరూ దీదీ, అంటే అక్క, అని పిలుస్తారు. నోట్లో విజిల్, చేతులకి తోలు గ్లోవ్స్. ఆమె వేలు పైకి తిప్పితే ఆ ఉక్కు కొండ నేలని వదిలేది. చప్పుడు తగ్గిపోయేది. షెడ్డులో ఎవరూ దగ్గేవారు కూడా కాదు.

ఆ ఇద్దరు ఆపరేటర్లూ తెలుగువాళ్లని తెలిసి సంబరపడ్డాను. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే, ఇద్దరూ ఇదే ఊళ్లో, పర్సుడీహ్ పేటలో ఉంటారు. పైగా తోడల్లుళ్లు, అక్కాచెల్లెళ్లని చేసుకున్నవాళ్లు. షెడ్డులో వాళ్లని బడా దామాద్, ఛోటా దామాద్ అని పిలుస్తారు. నేను మనసులో పెద్దల్లుడు, చిన్నల్లుడు అనుకునేదాన్ని.

కొద్ది రోజుల్లోనే ఒక సంగతి కనిపెట్టాను. వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకరు టీ దగ్గరికొస్తే రెండోవారు గ్లాసు పట్టుకుని అవతలికి వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి ఇంతేనని దీదీ చెప్పింది. జట్టు బాగా పనిచేయాలంటే మనసు విప్పి మాట్లాడుకోవాలని నేను చదివిన ప్రతి పుస్తకమూ చెప్పింది. ఇక్కడేదో పొరపాటు జరగబోతోందని నాకు గట్టిగా అనిపించింది.

ఒకరోజు చిన్నల్లుడు జ్వరమొచ్చి రాలేదు. గర్డర్ సిద్ధంగా ఉంది, లారీ బయట నిలబడి ఉంది. మేనేజరు ఇంకో ఆపరేటర్ని పంపించాడు. పెద్దల్లుడు నిచ్చెన దిగి వచ్చేశాడు.

"నాను ఎత్తను బాబూ. ఆడొచ్చినాక ఎత్తుతాం."

"ఆయనతో మీకు మాటలే లేవు కదా!" మేనేజరు కేకేశాడు.

"నేవు బాబూ. అయినా ఆడు రావాల."

మేనేజరు విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు, మర్యాదస్తుడు. కోపం దిగమింగి లారీ వెనక్కి పంపించాడు. సాయంత్రం నన్ను పిలిచి, "మేడమ్, వీళ్లిద్దర్నీ విడదీసి చెరో షెడ్డుకీ వేద్దామనుకుంటున్నాను. మాట్లాడుకోనివాళ్ల చేతుల్లో అంత బరువు పెట్టడం నాకు భయంగా ఉంది. ఇది మీ సబ్జెక్టే కదా, ఏమంటారు?" అని అడిగాడు. నాలుగు రోజులు గడువు అడిగాను.

జ్వరం తగ్గి చిన్నల్లుడు వచ్చాక, క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని నేరుగా అడిగేశాను. బాబాయ్ అని పిలిచినందుకో ఏమో, చెప్పాడు.

"మా అత్త ఆడికి ఒట్టి అత్తేనమ్మా. నాకు మేనత్త. అమ్మ పోతే ఆవిడే పెంచినాది నన్ను. ఆవిడ పోయిన్నాడు నాను మన ఊర్లో, శ్రీకాకుళం కాడ ఉన్నాను. కబురందగానే రైలెక్కినాను. రైలు లేటు. నాను సువర్ణరేఖ ఏటి గట్టుకి ఎల్లేసరికి కాలిపోతంది. కొడుకుల్నేరు కదా, పెద్దల్లుడని ఆడే కొరివెట్టేసినాడు. కాసేపు ఆగితే ఏటి పోయీది? మొకం సూణ్ణేదు నాను."

మెల్లగా అన్నాను, "మొన్న మీరు రాలేదని లోడెత్తకుండా ఆగాడు బాబాయ్ ఆయన."

"తెలుసు. దీదీ సెప్పినాది." టీ గ్లాసు అడుగున మిగిలినది కూడా తాగేసి లేచాడు. "ఆ ఆగుడేదో ఆనాడు ఆగుంటే..." అని, మాట పూర్తిచేయకుండానే హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మర్నాడే, అప్పుడు ఆగిపోయిన ఆ పెద్ద గర్డర్ లేచింది. మేనేజరూ నేనూ పసుపు గీత ఇవతల నిలబడ్డాం. దీదీ వేలు తిప్పింది. గర్డర్ రెండు కొసలూ ఒక్కసారే నేలని వదిలాయి. మనిషెత్తు దాటింది. ఇంకా లేస్తోంది. పైనుంచి పడుతున్న ఎండలో దాని అడుగున దుమ్ము ధారలా రాలుతోంది.

ఇంతలో ఫట్‌మని తుపాకీ పేలినట్టు చప్పుడైంది. పెద్దల్లుడి వైపు, గర్డర్ అంచు ఒరుసుకోకుండా వైరు తాడు కింద పెట్టిన చెక్క పగిలింది. తాడు కాస్త జారింది. గర్డర్ ఆ కొస వాలింది.

నేను అరిచాననుకుంటాను. అయితే నా అరుపు పూర్తికాకముందే, దీదీ విజిల్ ఊదకముందే రెండు క్రేన్లూ ఆగిపోయాయి. ఒక దాని తరవాత ఒకటి ఆగడం కాదు, రెండూ ఒక్కసారే. గర్డర్ గాలిలో వంకరగా, ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోయింది. దీదీ రెండు చేతులూ చాచి ఆగమంది. చుట్టూ తిరిగి చూసింది. తాడు మళ్లీ బిగిసిందని రూఢి చేసుకుని, అరచేయి కిందికి తిప్పి "ధీరే, ధీరే" అని మెల్లగా దించమంది. పైనున్న ఇద్దరికీ ఆ మాట వినిపించే వీల్లేదు. ఆ చేయి చూస్తూ ఇద్దరూ దించడం మొదలుపెట్టారు. వాలిన కొస వాలినట్టే, ఎత్తున్న కొస ఎత్తున్నట్టే, మధ్యలో తేడా పెరగకుండా, నిద్రపోతున్న పసిబిడ్డని పక్కమీద పడుకోబెట్టినట్టు దించారు. నేలమీదున్న దిమ్మెలకి అది ఆనుకున్నప్పుడు చప్పుడే కాలేదు.

పక్కన మేనేజరు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దీదీ కొత్త చెక్క తెమ్మని ఎవర్నో పంపించింది, అంతే.

పెద్దల్లుడు దిగి రాగానే పరుగెత్తాను. "విజిల్ లేకుండా ఇద్దరూ ఒకేసారి ఎలా ఆపారు బాబాయ్?"

"ఏటో అమ్మా. ఇద్దరిదీ ఒకటే పట్టా, ఒకటే లోడు. ఆడు సెయ్యి కదిపితే నా కేబిను ఊగుతాది. ఆ ఊగు ఎన్నేళ్ల బట్టో కూసుని సూత్తన్నాను. తేడా వత్తే సెయ్యి దానంతట అదే ఆగిపోతాది."

"మరి ఆయనతో మాట్లాడొచ్చు కదా?"

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "ఆడు నీకు ఏటి సెప్పుంటాడో నాకెరికే, అది నిజమేనమ్మా. పెద్దలు ఆగనీలేదు గానీ, నాను గట్టిగా నిలబడుంటే ఆగీవోరు. ఏ మొకం పెట్టుకుని మాటాడమంటావు?" అన్నాడు. ఈ మాట చిన్నల్లుడితో చెప్పనా అని అడిగాను. వద్దన్నాడు. చెప్పలేదు.

మేనేజరుకి నా అభిప్రాయం అప్పటికే అవసరం లేకపోయింది. "విడదీయను మేడమ్. ఏం రాస్తారో రాయండి గానీ, ఆ పని మాత్రం చేయను," అన్నాడు. ఏం రాయాలో నాకూ తెలియలేదు. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోని ఇద్దరు, ఏళ్ల తరబడి ఒకరి చేతిని ఒకరు ఒంటితో వింటూ ఉన్నారు. దానికి నా పుస్తకాల్లో పేరు లేదు. థీసిస్ రాసేటప్పుడు ఆ అధ్యాయంలో చూసింది చూసినట్టు చెప్పి వదిలేశాను. మా గైడు పెన్సిల్‌తో పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. నేను దాన్ని తుడవలేదు.

షెడ్డు వదిలి వచ్చేసే ముందు ఒక కోరిక కోరాను. మేనేజరు ఒప్పుకున్నాడు. ఇనుప నిచ్చెన పట్టుకుని, కిందికి చూడకుండా, పెద్దల్లుడి గాజు గదిలోకి ఎక్కాను. అక్కణ్నుంచి మనుషులు పసుపు టోపీలుగా మాత్రమే కనిపిస్తున్నారు. షెడ్డు అవతలి కొసన రెండో గాజు గది. అందులో చిన్నల్లుడు ముందుకి వంగి కూర్చున్నాడు. ఆయన ఇటు చూడలేదు. ఈయన అటు చూడలేదు. ఇద్దరి చూపులూ కింద దీదీ చేతి మీదే ఉన్నాయి.

దీదీ వేలు తిరిగింది. నా కాళ్ల కింద గది నేల సన్నగా వణికింది. అది మా క్రేన్ వణుకు కాదని, అవతలి నుంచి వస్తోందని, ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది.

"గట్టిగా పట్టుకో అమ్మా," అన్నాడు పెద్దల్లుడు. "ఎత్తుతన్నాం."